జపాన్ ప్రో రెజ్లింగ్‌లో పట్టుల మ్యాచ్ ఎలా చూడాలి? మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి?

జపాన్ రెజ్లింగ్ చూడమని ఎవరికి చెప్పినా రెండు ప్రశ్నలు తప్పవు. ఒకటి: "పావుగంట సేపు ఒకడి చెయ్యి ఇంకొకడు మెలితిప్పుతూ పడుకుంటే అందులో చూడ్డానికేముంది?" రెండు: "ఎవరు గెలవాలో ముందే అనుకుంటారుగా, ఇక బాగుంది, బాగోలేదు అని ఎలా అంటారు?" రెండోదానికి జవాబు చిన్నదే. అవును, ఫలితం ముందే అనుకున్నది. చివర్లో హీరో గెలుస్తాడని తెలిసే కదా మనం సినిమా టికెట్ కొంటాం. మొదటి ప్రశ్నకి మాత్రం కాస్త ఓపిగ్గా చెప్పాలి.

ట్రంప్ కార్డులతో పెరిగిన మన తరానికి రెజ్లింగ్ అంటే ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ఎంట్రీ మ్యూజిక్. ఆ కళ్లతో చూస్తే జపాన్ మ్యాచ్ మొదటి పది నిమిషాలు నిద్రొస్తుంది. చూసే పద్ధతి కొంచెం మార్చాలి, అంతే. మ్యాచ్ ఐదో నిమిషంలో జరిగింది ఇరవై ఐదో నిమిషంలో కూడా లెక్కలోకి వస్తోందా? కింద చెప్పే పనులన్నీ ఈ ఒక్క ప్రశ్నకి జవాబు వెతకడానికే.

కావలసినవి

- పూర్తి మ్యాచ్, కోతల్లేకుండా. హైలైట్స్, షార్ట్స్, రీల్స్ ఈ పనికి అసలు పనికిరావు.
- ఫోన్ కన్నా పెద్ద తెర. వేళ్ల పట్టు, పాదం ఉన్న చోటు కనిపించాలి.
- ఇయర్‌ఫోన్స్. హాలు శబ్దం సగం మ్యాచ్.
- చిన్న నోట్‌బుక్, పెన్ను.
- అరగంట ఖాళీ సమయం. ఫార్వర్డ్ బటన్ జోలికి వెళ్లకూడదు.

ఎక్కడ చూడాలంటే, న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ వాళ్లకి సొంత స్ట్రీమింగ్ సర్వీస్ ఉంది, పేరు న్యూ జపాన్ వరల్డ్. నోవా, డీడీటీ లాంటి సంస్థలవి రెజిల్ యూనివర్స్ అనే స్ట్రీమింగ్ సర్వీస్‌లో దొరుకుతాయి. డబ్బు కట్టే ముందు రుచి చూడాలనుకుంటే ఆ సంస్థల అధికారిక యూట్యూబ్ ఛానెళ్లలో ఉచితంగా కొన్ని మ్యాచ్‌లు ఉంటాయి. లైవ్‌గా చూడాలంటే మనకి సుఖమే. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం 6:30కి మొదలైతే ఇక్కడ మధ్యాహ్నం 3. అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియా వైపు ఉన్నవాళ్లకి మాత్రం అర్ధరాత్రి దాటాకే.

తెలియాల్సిన రూల్స్ నాలుగే. భుజాలు రెండూ ఆనించి మూడు లెక్కిస్తే పిన్. నొప్పి తట్టుకోలేక ఒప్పుకుంటే గివప్. చేయో కాలో తాడుకి తగిలితే పట్టు వదలాలి, వదలకపోతే రిఫరీ ఐదు లెక్కిస్తాడు. న్యూ జపాన్‌లో రింగ్ బయట ఇరవై లెక్క దాకా ఉండొచ్చు.

1. కుర్రాళ్ల మ్యాచ్‌తో మొదలుపెట్టండి

అందరూ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌తో మొదలుపెట్టి బోల్తా పడతారు. మీరు న్యూ జపాన్ షోల మొదట్లో వచ్చే యంగ్ లయన్స్ మ్యాచ్ చూడండి. వీళ్లు శిక్షణలో ఉన్న కుర్రాళ్లు. నల్ల నిక్కరు, నల్ల బూట్లు, పెద్ద మూవ్స్ ఏవీ ఉండవు. హెడ్‌లాక్, చేతి మెలి, బాడీ స్లామ్, చివరికి చాలాసార్లు బోస్టన్ క్రాబ్. పదార్థాలు తక్కువ కాబట్టి ప్రతిదీ విడివిడిగా కనిపిస్తుంది.

ఆ బోస్టన్ క్రాబ్‌నే పరీక్షగా పెట్టుకోండి. రెండు కాళ్లూ చంకల్లో ఇరికించుకుని, ఎదుటివాడిని బోర్లా తిప్పి, వీపు మీద కూర్చునే పట్టు అది. వేసేవాడు నడుము దగ్గర ఊరికే వంగి నిలబడితే అది బద్ధకం. మోకాళ్లు వంచి, బరువంతా కిందకి దింపి, దాదాపు భుజాల వైపుకి కూర్చుంటే అది నిజమైన ఒత్తిడి. కింద ఉన్నవాడు మోచేతుల మీద తాడు వైపు పాకుతుంటే, పైవాడు లేచి మధ్యలోకి వెనక్కి లాగుతాడు. హాలంతా ఒక్కసారి అరుస్తుంది. ఈ ఒక్కటీ పట్టుకున్నారంటే మిగతాదంతా దాని పెద్ద రూపమే.

2. మొదటి మూడు నిమిషాలు చేతులు మాత్రమే చూడండి

ముఖాలు వద్దు, చేతులు చూడండి. మొదటి లాకప్‌లో ఒక చెయ్యి మెడ వెనక, ఇంకొకటి మోచేతి దగ్గర. ఎవరు ఎవర్ని నెడుతున్నారు? తాడు దగ్గరికి వెళ్లాక మర్యాదగా వదిలాడా, చెంప మీద ఒకటి ఇచ్చి వదిలాడా? మ్యాచ్‌లో ఎవరిది ఏ స్వభావమో అక్కడే తెలుస్తుంది.

తర్వాత మణికట్టు. పట్టులో ఉన్నవాడు ఊరికే ఉన్నాడా, ఖాళీగా ఉన్న చేత్తో వేళ్లు విప్పే ప్రయత్నం చేస్తున్నాడా? మంచి మ్యాచ్‌లో ఎవరూ విశ్రాంతి తీసుకోరు. హెడ్‌లాక్‌లో ఉన్నప్పుడు కూడా కింద ఒక యుద్ధం నడుస్తూనే ఉంటుంది.

గమనిక: ఈ దశలో హాలు నిశ్శబ్దంగా ఉంటే జనానికి బోరు కొడుతోందని అనుకోకండి. టోక్యోలోని కొరాకుయెన్ హాల్ లాంటి చోట, సుమారు రెండు వేల మంది పట్టే ఆ చిన్న హాల్లో, జనం మొదట్లో గొంతు ఎత్తరు. ఒక పట్టు నుంచి శుభ్రంగా తప్పించుకుంటే చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఎప్పుడు పడ్డాయో వెనక్కి తిప్పి చూడండి, దానంత మంచి పాఠం లేదు.

3. ఏ అవయవం మీద పడ్డారో రాసుకోండి

ఐదు నిమిషాలు గడిచాయని అనౌన్సర్ మైక్‌లో "గోఫున్" అని చెబుతాడు. అప్పటికి మీ నోట్‌బుక్‌లో రెండు మాటలు ఉండాలి: ఎవరు, ఏ భాగం. ఎడమ మోకాలు, కుడి మోచెయ్యి, మెడ, నడుము, ఏదైనా. కుడి, ఎడమ తప్పనిసరిగా రాయండి. ఎందుకో అయిదో మెట్టులో తెలుస్తుంది.

ఉదాహరణకి ఒక్క మ్యాచ్ చెప్పమంటే నేను చెప్పేది 1995 అక్టోబర్ 9, టోక్యో డోమ్. కెయ్‌జి ముతో, నొబుహికో తకాడా. ముతో న్యూ జపాన్ ఛాంపియన్. తకాడా యూడబ్ల్యూఎఫ్ ఇంటర్నేషనల్ అనే పోటీ సంస్థకి పెద్ద దిక్కు. వాళ్లది నిజమైన పోరాటానికి దగ్గరగా కనిపించే శైలి: తన్నులు, కీళ్ల పట్టులు, తాళ్ల మీద నుంచి దూకే విన్యాసాలు లేవు. అలాంటి తకాడా తన్నడానికి కాలు ఎత్తాడు. ముతో ఆ కాలుని పట్టుకుని గిర్రున తిరుగుతూ పడ్డాడు. డ్రాగన్ స్క్రూ అంటారు దీన్ని, తత్సుమి ఫుజినామి పేరు మీద వచ్చిన పట్టు. మోకాలు పక్కకి మెలిపడుతుంది. మళ్లీ తన్నితే మళ్లీ అదే దెబ్బ. ఆఖరికి ఫిగర్ ఫోర్ లెగ్‌లాక్, అంటే ఎదుటివాడి కాళ్లని 4 అంకెలా పెనవేసే పట్టు. తకాడా ఒప్పుకున్నాడు.

ఇందులో తమాషా ఏంటంటే, ఫిగర్ ఫోర్ ముసలి పట్టు. 1963 మే 24న జపాన్ రెజ్లింగ్‌కి ఆద్యుడైన రికిడోజాన్, అమెరికా ముసుగు రెజ్లర్ డిస్ట్రాయర్ తలపడ్డప్పుడు ఇద్దరూ అందులోనే చిక్కుకుపోయి మ్యాచ్ డ్రా అయింది. ఆ రోజు టీవీ రేటింగ్ 64 శాతం. అసలు సిసలు పోరాటం మాదేనని చెప్పుకునే వర్గం నాయకుడు, తాతల నాటి రెజ్లింగ్ పట్టుకి లొంగిపోయాడు. మ్యాచ్ చెప్పదల్చుకున్న మాట అదే, మైక్ పట్టుకుని ఎవరూ ఒక్క ముక్క చెప్పక్కర్లేదు.

4. పట్టు పడినప్పుడు మూడు సంగతులు అడగండి

ఏ కీలు ఎటు వంగుతోంది? బరువు ఎక్కడుంది? ఖాళీగా ఉన్న చెయ్యి ఏం చేస్తోంది?

ఆర్మ్‌బార్ తీసుకోండి. జపాన్‌లో జూజి గతామె అంటారు, జూడో నుంచి వచ్చింది. వేసేవాడు వెల్లకిలా పడుకుని, ఎదుటివాడి చెయ్యి తన రెండు తొడల మధ్య ఉంచి, మణికట్టు పట్టుకుని ఛాతీ మీదకి లాగుతాడు. ఎదుటివాడి మోచెయ్యి వేసేవాడి నడుము దాటి తన ఒంటి వైపుకి జారిపోతే ఒత్తిడి సున్నా. మోకాళ్లు దగ్గరగా బిగించి ఉండాలి, ఎదుటివాడి బొటనవేలు పైకి చూస్తుండాలి. ఇవన్నీ తెరమీద కనిపిస్తాయి. ఇక డిఫెన్స్: ఎదుటివాడు రెండు చేతులూ ముడి వేసుకుంటాడు. ఆ ముడి విడదీయడానికే నిమిషం పట్టొచ్చు. వేసేవాడు మడమతో ముడి మీద తన్నొచ్చు, పట్టు మార్చొచ్చు. కిందవాడు లేచి మీదకి వాలితే, వేసేవాడి భుజాలే నేలకి ఆని పిన్ లెక్క మొదలవుతుంది. భయపడి అతను వదిలేయాలి. చెయ్యి సాగిన క్షణం కోసం కాకుండా ఆ ముడి కోసం చూడటం అలవాటు చేసుకోండి. అసలు కథ అక్కడే ఉంటుంది.

ఈ పట్టుల చదువు జపాన్‌కి ఎక్కువగా ఇద్దరి నుంచి వచ్చింది. కార్ల్ గోచ్, బిల్లీ రాబిన్సన్. ఇద్దరూ ఇంగ్లండ్‌లోని విగన్‌లో బిల్లీ రైలీ జిమ్‌లో నేర్చుకున్నవాళ్లే. గోచ్‌ని జపనీయులు రెజ్లింగ్ దేవుడనే పిలుస్తారు. ఇప్పటివాళ్లలో ఆ చదువు చూడాలంటే బ్రిటన్ నుంచి వచ్చిన జాక్ సేబర్ జూనియర్. 2018 న్యూ జపాన్ కప్‌లో నైతో, ఇబుషి, సనాదా, తనహాషిలను వరసగా పట్టులతోనే ఓడించాడు. అతని మ్యాచ్‌లో ఎక్కడ ఆపినా ఏదో ఒక కీలు ఇబ్బందిలోనే ఉంటుంది.

జాగ్రత్త: పట్టు అర్థమయింది కదా అని తమ్ముడి మీదో, హాస్టల్ రూమ్మేట్ మీదో వేసి చూడకండి. మోచెయ్యి, మోకాలు మెలిపడితే నొప్పి తెలిసేలోపే దెబ్బ తగిలిపోతుంది. మెడ సంగతి ఇంకా ఘోరం. 2017 మేలో యోషిహిరో తకయామా అనే రెజ్లర్ సన్‌సెట్ ఫ్లిప్ (ఎదుటివాడి మీదుగా పల్టీ కొట్టి పిన్ చేసే మూవ్) వేయబోయి, ఎన్నో ఏళ్లుగా అందరూ వేసే మామూలు మూవ్ అది, తల కిందుగా పడి మెడ వెన్నుపూసలు దెబ్బతిని పక్షవాతం పాలయ్యాడు.

5. దెబ్బ గుర్తుందో లేదో చూడండి

చాలా మ్యాచ్‌లు ఇక్కడే ఫెయిలవుతాయి. పది నిమిషాలు మోకాలు విరగ్గొట్టించుకుని, తర్వాత ఏమీ పట్టనట్టు పరిగెత్తి తాడెక్కితే ఆ పది నిమిషాలూ దండగ. కుంటడం ఒక్కటే చాలదు. మంచివాళ్లలో దెబ్బ వాళ్ల సొంత మూవ్స్‌లో కనిపిస్తుంది: జర్మన్ సూప్లెక్స్ (వెనక నుంచి నడుము పట్టుకుని వెనక్కి పడేయడం) వేసి, నడుము ఎత్తి పట్టుకునే బ్రిడ్జ్ నిలవదు. ఎత్తబోయి మోకాలు మడత పడుతుంది. లారియట్ (చాచిన చేత్తో మెడ మీద కొట్టే దెబ్బ) వేసిన చేతినే పట్టుకుని తనే కింద పడతాడు, ఈలోగా పిన్ చేయాల్సిన మూడు సెకన్లు పోతాయి.

కుడి, ఎడమ రాసుకోమన్నది ఇందుకే. ఎడమ కాలు దెబ్బతిని కుడి కాలు కుంటేవాళ్లు మీ నోట్‌బుక్‌కి దొరికిపోతారు.

దీనికి మచ్చు 1995 జూన్ 9, టోక్యోలోని బుడోకాన్ హాల్లో ఆల్ జపాన్ అనే సంస్థ ట్యాగ్ మ్యాచ్. మిసావా, కొబాషి ఒక వైపు, కవాడా, తవుఎ ఇంకో వైపు. కొబాషి కాలికి కట్టుతోనే వచ్చాడు. ఎదుటి జంట ఆ కాలు మీద పడింది. ఎందుకు? కొబాషిని ఓడించడానికి కాదు. అతను లేవలేకపోతే మిసావా ఒంటరివాడవుతాడు. చివర్లో నిలబడలేని కొబాషి పాక్కుంటూ వెళ్లి, తన ఒంటిని అడ్డం వేసి మిసావాని కాపాడబోతాడు. అది కూడా చాలదు. కవాడా మొట్టమొదటిసారి మిసావాని పిన్ చేస్తాడు. నలభై నిమిషాల పైన ఉంది, అయినా నేను చెబుతున్నది నిడివి గురించి కాదు. ఆ కట్టు మొదటి నిమిషంలో కనిపించింది, ఆఖరి నిమిషంలో మ్యాచ్‌ని తేల్చింది.

6. చేతి దెబ్బల పోటీ వస్తే పెద్దగా పట్టించుకోవద్దు

ఇద్దరూ నిలబడి మోచేత్తో ఒకరినొకరు కొట్టుకునే సీన్ దాదాపు ప్రతి పెద్ద మ్యాచ్‌లోనూ ఉంటుంది. చెయ్యి దెబ్బతిన్నవాడు ఏ చేత్తో కొడుతున్నాడో చూసి ముందుకెళ్లండి. అంతకన్నా అందులో పెద్దగా ఏమీ ఉండదు, నా మటుకు నాకు.

7. ముగింపు ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెతకండి

మ్యాచ్ అయిపోయాక ఆఖరి మూవ్ రాసుకుని, అంతకుముందు ఆ దారి ఎక్కడ వేశారో చూడండి. 1975 డిసెంబర్ 11న న్యూ జపాన్ స్థాపకుడు ఇనోకి, పైన చెప్పిన రాబిన్సన్ మూడింట రెండు ఫాల్స్ (పిన్ అయినా గివప్ అయినా ఒక ఫాల్) మ్యాచ్ ఆడారు. రాబిన్సన్ నలభై నిమిషాలు దాటాక మొదటి ఫాల్ తీసుకున్నాడు. గంట పూర్తి కావడానికి నిమిషం కూడా లేనప్పుడు ఇనోకి మంజి గతామె, అదే ఆక్టోపస్ హోల్డ్, వేసి సమం చేశాడు. అరవై నిమిషాల డ్రా. ఎవరూ గెలవలేదని నిరాశపడే ముగింపు కాదది.

8. మార్కులు వేయకండి, మూడు వాక్యాలు రాయండి

మీరే రాసేదాకా ఇంటర్నెట్‌లో స్టార్ రేటింగ్ చూడొద్దు. అమెరికా రెజ్లింగ్ జర్నలిస్ట్ డేవ్ మెల్ట్‌జర్ అయిదు నక్షత్రాల కొలత మీద 2017 జనవరిలో న్యూ జపాన్ రెజ్లర్లు ఒకాడా, ఒమెగా మ్యాచ్‌కి ఆరు ఇచ్చాడు, 2018 జూన్‌లో వాళ్లిద్దరి మ్యాచ్‌కే ఏడు ఇచ్చాడు. అవి మంచి మ్యాచ్‌లే. కానీ అంకె ముందే తెలిస్తే మీరు మ్యాచ్ చూడరు, అంకెని వెతుకుతారు.

మూడు వాక్యాలు ఇవి: ఎవరు దేని మీద పడ్డారు, ఎందుకు. ఎక్కడ ఆట తిరిగింది. ముగింపు దేని వల్ల సాధ్యమైంది. మూడూ రాయగలిగితే మ్యాచ్ నిలబడినట్టే, మీకు నచ్చినా నచ్చకపోయినా. రెండో వాక్యం దగ్గర పెన్ను ఆగిపోతే మీ తప్పు కాకపోవచ్చు. చాలా మ్యాచ్‌లకి అసలు రెండో వాక్యమే ఉండదు.

అందరూ చేసే పొరపాట్లు

*నిడివిని నాణ్యత అనుకోవడం.* నలభై నిమిషాల మ్యాచ్‌లో పదిహేను నిమిషాల సరుకే ఉండొచ్చు.

*కిక్‌అవుట్లు లెక్కపెట్టడం.* రెండున్నర దగ్గర భుజం లేపితే ఉత్సాహమే, కానీ పది సార్లు లేపితే ఏ మూవ్‌కీ విలువ ఉండదు. దీనికి మందు 2012 అక్టోబర్ 8, టోక్యోలోని రియోగోకు హాల్లో తనహాషి, మినోరు సుజుకి ఐడబ్ల్యూజీపీ (న్యూ జపాన్ పెద్ద టైటిల్) మ్యాచ్. తనహాషి ఎదుటివాడి కాలు మీద, సుజుకి ఎదుటివాడి చెయ్యి మీద పనిచేశారు. రెండున్నర లెక్క డ్రామా లేకుండానే మ్యాచ్ మొత్తం నడుస్తుంది. చివరికి తనహాషి హై ఫ్లై ఫ్లోతో, అంటే తాడు మీద నుంచి దూకి మీద పడే మూవ్‌తో, గెలిచాడు. సుజుకి ఎవరో కాదు, 1993లో పాంక్రేస్ అనే నిజం పోరాటాల సంస్థ పెట్టినవాళ్లలో ఒకడు, నిజం పోటీల్లో తలపడ్డవాడు.

*తల దెబ్బల్ని గొప్ప అనుకోవడం.* 2017 ఏప్రిల్ 9న షిబాతా, ఒకాడా మ్యాచ్‌లో షిబాతా తలతో గట్టిగా ఢీకొట్టాడు. తర్వాత మెదడులో రక్తం గడ్డకట్టి ఆపరేషన్ చేయాల్సివచ్చింది. ఆ మ్యాచ్‌లోని పట్టుల పని అద్భుతం, దాన్ని మెచ్చుకోండి. ఆ తల దెబ్బని కాదు.

*ఎంఎంఏతో (అన్ని రకాల పోరాటాలూ కలిసిన నిజం పోటీలతో) పోల్చడం.* "నిజం ఫైట్‌లో ఇలా జరుగుతుందా" అన్నది తప్పు ప్రశ్న. ఈ మ్యాచ్ తనకి తాను పెట్టుకున్న రూల్‌ని పాటిస్తోందా అన్నదే చూడండి. ఆ రూల్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. యూడబ్ల్యూఎఫ్ ఇంటర్నేషనల్‌లో, రింగ్స్ అనే సంస్థలో తాడు పట్టుకుంటే పాయింట్లు పోయేవి, కాబట్టి అక్కడ తాడు ఖరీదైన వస్తువు.

పని చేస్తోందో లేదో తేల్చుకోవడం

సౌండ్ పూర్తిగా తీసేసి ఒక మ్యాచ్ చూస్తూ, పక్కన కూర్చున్నవాళ్లకి తెలుగులో చెప్పండి. ఎవరూ లేకపోతే ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. "ఇప్పుడు మోకాలు కాపాడుకుంటున్నాడు, అందుకే ఎడమ వైపు తిరగట్లేదు" లాంటి వాక్యాలు వస్తుంటే మీ కళ్లు దారిలో పడ్డట్టే. "కొట్టాడు, పడేశాడు, లేచాడు" అని మాత్రమే వస్తుంటే మళ్లీ రెండో మెట్టు నుంచి. మర్నాడు నోట్స్ చూడకుండా ఆ మూడు వాక్యాలు మళ్లీ రాయండి. గుర్తొస్తే మ్యాచ్ బాగున్నట్టు, మీరు బాగా చూసినట్టు కూడా.

సమయం లేనివాళ్లకి, ఓపిక లేనివాళ్లకి

అయిదు నిమిషాలే ఉంటే 2021 అక్టోబర్ 21న బుడోకాన్‌లో జరిగిన షిబాతా, సేబర్ గ్రాప్లింగ్ ఎగ్జిబిషన్ చూడండి. నాలుగేళ్లకి పైగా బయట ఉన్న షిబాతా తిరిగి రింగ్‌లోకి వచ్చింది అప్పుడే. మొత్తం నిడివి అయిదు నిమిషాలు, అంతా నేల మీది పట్టులే. నాలుగో మెట్టుని సాధన చేయడానికి ఇంతకన్నా చిన్న పాఠం నాకు తెలియదు.

మహిళల రెజ్లింగ్ నుంచి మొదలుపెట్టాలంటే స్టార్‌డమ్ అనే మహిళల సంస్థలో షూరి మ్యాచ్‌లు వెతకండి. ఎంఎంఏ సంస్థ యూఎఫ్‌సీలో కూడా తలపడిన మనిషి, ఆమె ఆర్మ్‌బార్ వేస్తే ఎక్కడ ఆపి చూసినా సరిగ్గానే ఉంటుంది.

పాత మ్యాచ్‌లు మరీ నెమ్మదిగా అనిపిస్తే ఇనోకి, రాబిన్సన్ గంట మ్యాచ్‌ని చివరికి ఉంచుకోండి. ఒకే సారి కూర్చోలేకపోతే మొదటి ఫాల్ దగ్గర ఆపి, మిగతాది అదే రోజు రాత్రి చూడండి. మర్నాటికి వాయిదా వేస్తే ఎవరి ఏ చెయ్యి దెబ్బతిందో మర్చిపోతారు, మళ్లీ మొదటి నుంచి చూడాల్సివస్తుంది.